కోట మిగలని రాజధాని



ఇటలీలో నేపుల్స్ నగరానికి కాస్త ఉత్తరంగా కాసెర్తా అని ఒక ఊరుంది. ఆ ఊరికి పేరొచ్చింది ఒక్క రాజభవనం వల్లే. భవనమంటే మామూలు భవనం కాదండి. సుమారు 1200 గదులు. నేపుల్స్ రాజు చార్లెస్ 1752లో పునాది వేయించాడు. వాన్వితెల్లి అనే వాస్తుశిల్పి నమూనా గీశాడు. భవనం వెనకాల తోట, ఆ తోటలో దాదాపు మూడు కిలోమీటర్ల పొడవునా మెట్లు మెట్లుగా దిగివచ్చే నీళ్ళు. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయనుకున్నారు? 38 కిలోమీటర్ల కాలువ తవ్వించి తెచ్చారు. 1997లో యునెస్కో వాళ్ళు దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఇప్పుడు అటువైపు వెళ్ళిన మన పిల్లలు ఆ మేడ ముందు నిలబడి ఫోటో దిగుతారు. వాట్సాప్‌లో పంపుతారు. మనం ఇక్కడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, అబ్బో అనుకుంటాం.

అనుకోవలసిందే. చూడదగ్గ మేడే. అయితే ఆ మేడ గురించి ఒక ముచ్చట చెబుతారు. కట్టించిన రాజు అందులో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదట. 1759లో స్పెయిన్ సింహాసనం ఖాళీ అయింది, ఆయన అటు వెళ్ళిపోయాడు. మేడ పూర్తయ్యేసరికి రాజు లేడు.

ఇక మన వైపు రండి. ఏలూరికి ఉత్తరంగా 12 కిలోమీటర్లు వెళితే పెదవేగి. ఇక్కడ రాజులు ఉన్నారు, తరతరాలుగా ఏలారు. ఒక వంశం పోతే ఇంకో వంశం వచ్చింది. వందల ఏళ్ళపాటు తెలుగు నేలకు ఇది ముఖ్యపట్టణం. మేడ మాత్రం లేదు. నిలబడి ఉన్న గోడ ఒక్కటి కూడా లేదు.

మరి వెళితే ఏం చూస్తాం? ఈ పూట మీతో చెప్పదలుచుకున్నది అదే. మేడ లేని రాజధానిని ఎలా చూడాలి అన్నది.

తాడేపల్లిగూడెంలో రైలెక్కండి. ఎక్స్‌ప్రెస్ వద్దు, ప్రతి స్టేషన్లోనూ ఆగే పాసింజరు ఎక్కండి. ఉంగుటూరు, కైకరం, పూళ్ళ, భీమడోలు దాటుతాయి. తరవాత దెందులూరు. అక్కడ బండి నిమిషం ఆగుతుంది. ఎవరో ఒకరిద్దరు దిగుతారు. మీరు కిటికీలోంచి ఆ బోర్డు ఒకసారి చదవండి. ఈ నేలను ఏలిన విష్ణుకుండి రాజుల రాగిశాసనం ఒకదాంట్లో లెందులూరు అని ఒక ఊరి పేరుంది. రాజు ఆ ఊళ్ళో ఉండి దానపత్రం రాయించాడు. ఆ లెందులూరే ఈ దెందులూరని చరిత్రకారుల మాట. అంటే మీ బండి ఆగిన చోటు ఒకప్పుడు రాజు కొలువు తీర్చిన చోటన్నమాట. సరే, బండి కదిలింది. ఏలూరులో దిగుదాం.

ఏలూరు నుంచి పెదవేగి బస్సెక్కితే, ఊరు దాటాక ఒక విషయం గమనించండి. నేల లేస్తుంది. పెద్ద ఎత్తేమీ కాదు, కొండలెక్కినట్టు ఉండదు. సన్నగా, నెమ్మదిగా లేస్తుంది. వరిచేలు వెనకబడతాయి. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. కొబ్బరి తోటలు, వాటి నీడన కోకో చెట్లు, ఎటు చూసినా పామాయిల్ తోటలు. మన జిల్లావాళ్ళకు ఇది తెలిసిన సంగతే. పల్లం అయిపోయి మెట్ట మొదలైంది.

ఇది గుర్తుపెట్టుకోండి. పల్లం అయిపోయి మెట్ట మొదలయ్యే అంచు. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పెదవేగి పాత పేరు వేంగి. ఆ పేరు రాజధానిగా మొదట గట్టిగా వినబడేది శాలంకాయన రాజుల కాలంలో. అంటే దగ్గర దగ్గర 1700 ఏళ్ళ కిందట. వాళ్ళు చిత్రరథస్వామి అనే సూర్యదేవుణ్ణి కొలిచేవాళ్ళు. దేవవర్మ అని ఒక రాజు, అశ్వమేధం చేసినవాడు, ప్రాకృత భాషలో ఒక రాగిశాసనం రాయించాడు. వేంగీపురం నుంచి రాయించాడు. ఎవరిని ఉద్దేశించి రాయించాడో తెలుసా? ఏలూరు గ్రామస్థులను ఉద్దేశించి.

అవునండి, మన ఏలూరే. అప్పటికి అది ఒక పల్లె. ఊరిపెద్దనూ ఊరివాళ్ళనూ పిలిచి రాజు చెబుతున్నాడు: మీ ఊళ్ళో ఫలానా బ్రాహ్మణుడికి ఇరవై నివర్తనాల భూమి ఇచ్చాను. ఆయన ఇంటికి స్థలం ఇచ్చాను. ఆయన పొలం సగపాలుకు చేసే రైతులకూ ఇళ్ళస్థలాలు ఇచ్చాను.

ఈ చివరి మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. సగపాలు రైతుకు ఇంటిస్థలం. రాజుగారి మేడలో ఎన్ని గదులున్నాయో మనకు తెలిసే దారి లేదు. ఆయన కాలంలో ఏలూరులో పాలికి చేసేవాడు ఉన్నాడని, వాడికి ఒక గుడిసె వేసుకునే జాగా కావలసి వచ్చిందని మాత్రం తెలుసు. రాగిరేకు మీద ఉంది కాబట్టి తెలుసు. కౌలు, పాలు, ఇళ్ళస్థలం, ఈ మూడూ మన జిల్లాలో నిన్నమొన్నటి గొడవలని అనుకుంటాం గదా.

అప్పుడు వేంగి పట్టణం, ఏలూరు పల్లె. ఇప్పుడు ఏలూరు జిల్లాకేంద్రం, పెదవేగి పల్లె. కలెక్టరు గారి ఆర్డరు ఏలూరు నుంచి పెదవేగికి వెళుతుంది. ఆ రోజుల్లో ఆర్డరు పెదవేగి నుంచి ఏలూరికి వచ్చేది.

ఇదే శాలంకాయనుల్లో హస్తివర్మ అని ఒకాయన. ఈయన పేరు మనం అలహాబాదు వెళ్ళి చదవాలి. గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చి, ఓడించి వదిలేసిన రాజుల పేర్లన్నీ అక్కడొక రాతిస్తంభం మీద చెక్కించాడు. అందులో వేంగి హస్తివర్మ ఉన్నాడు. ఓడినవాళ్ళ జాబితాలోనే అనుకోండి. అయినా గంగాతీరాన ఉన్న చక్రవర్తి చెప్పుకోదగ్గ గెలుపుగా మన వేంగిని లెక్కేశాడు. చిన్న ఊరైతే చెప్పుకోడు.

ఇంతకీ రాజులు ఇక్కడే ఎందుకు కాపురం పెట్టారు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. మెట్ట అంచు.

పెదవేగి దగ్గర నిలబడి దక్షిణం వైపు తిరిగారనుకోండి. ముందు ఏలూరు, దాని వెనక కొల్లేరు. ఆనకట్టలు లేని రోజులు ఊహించుకోండి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పందొమ్మిదో శతాబ్దం నడుమ వచ్చింది, కృష్ణ మీద బెజవాడ ఆనకట్టా ఆ వెంటనే. అంతకు ముందు వానాకాలం వస్తే తమ్మిలేరు, బుడమేరు కట్టలు తెంచుకుని కొల్లేట్లో పడేవి. కొల్లేరు ఉబ్బేది. పల్లమంతా నీళ్ళే. పల్లంలో రాజధాని కడితే ఏటా మునుగుతుంది. మెట్ట మీదకు మరీ లోపలికి పోతే నీటి ఎద్దడి, పైగా వరిపంట దూరం. అందుకని అంచు మీద కూర్చున్నారు. వరదనీరు అందదు. వరిగింజ అందుతుంది. వెనక మెట్ట అడవులు, ముందు పెద్ద సరస్సు. ఆ సరస్సులోంచి ఉప్పుటేరు పట్టుకుంటే పడవ సముద్రానికి పోతుంది.

కాసెర్తా మేడ కట్టిన రాజు కూడా ఇలాగే ఆలోచించాడు చూడండి. నేపుల్స్ సముద్రం ఒడ్డున ఉంది. శత్రువుల ఓడలు వచ్చి ఫిరంగులు పేలిస్తే రాజమందిరం మీదే పడతాయి. అందుకని ఒడ్డు వదిలి లోపలికి జరిగాడు. వేంగి రాజులు వరదకూ శత్రువుకూ కలిపి ఒకే ఏర్పాటు చేసుకున్నారు. కొల్లేరే వాళ్ళకు కందకం.

ఆ కందకం పని చేసిందా? ఒక్కసారి చేయలేదు. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి ఏడో శతాబ్దం మొదట్లో ఇటు దండెత్తాడు. ముందు పిఠాపురం కోట పట్టాడు. తరవాత కొల్లేటి దగ్గర యుద్ధం జరిగింది. ఆ యుద్ధం సంగతి కర్ణాటకలోని ఐహోళె శాసనంలో ఉంది. 634లో రవికీర్తి అనే కవి రాశాడు. ఆయన కొల్లేటిని కునాళం అన్నాడు. చచ్చిన సైనికుల నెత్తురుతో ఆ నీళ్ళు ఎర్రబడ్డాయని, సరస్సు లోపలి నేలంతా ఏనుగుల బారులతో కప్పుకుపోయిందని వర్ణించాడు.

కవి కదా, కొంత పెంచి చెప్పే ఉంటాడు. కానీ ఒక సంగతి చూడండి. కొల్లేట్లో ఏనుగులు నడిచాయంటే అది ఎండాకాలమో, నీళ్ళు తగ్గిన సమయమో అయ్యుండాలని నాకనిపిస్తుంది. కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగినవాళ్ళను అడగండి. నడిచి దాటగలిగే కొల్లేరు ఎప్పుడుంటుందో వాళ్ళు చెబుతారు.

గెలిచిన పులకేశి తన తమ్ముణ్ణి ఇక్కడ పెట్టి వెళ్ళాడు. ఆ తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు. తూర్పు చాళుక్య వంశం ఆయనతో మొదలైంది. అన్నగారి వంశం ఎనిమిదో శతాబ్దంలో రాజ్యం పోగొట్టుకుంది. తమ్ముడి వంశం ఇక్కడ నాలుగు వందల ఏళ్ళు దాటి బతికింది.

ఆ తొలిరోజుల్లోనే చైనా నుంచి ఒక సన్యాసి నడుచుకుంటూ వచ్చాడు. హుయాన్‌త్సాంగ్. బడి పుస్తకంలో చదివిన పేరే. ఆయన మన దేశాన్ని ఆంధ్ర అన్నాడు, ముఖ్యపట్టణాన్ని పింగ్-కి-లో అన్నాడు. అది వేంగీపురమేనని పండితులు తేల్చారు. పట్టణం చుట్టుకొలత చైనా లెక్కలో ఇరవై లీలు అని రాశాడు. అంటే ఒక పూటలో చుట్టూ నడిచి రావచ్చు. నేల సారవంతమైనదని, వేడి దేశమని రాశాడు. ఆ వేడి మాట మాత్రం ఇప్పటికీ మారలేదు. ఇక్కడి జనం మాట మధ్యదేశం మాటలా లేదు, రాత మాత్రం దాదాపు ఒకటే అనీ రాశాడు. ఊరి దగ్గర అంతస్తులు అంతస్తులుగా ఉన్న పెద్ద బౌద్ధవిహారం, దాని చెక్కడపు పని చూసి మెచ్చుకున్నాడు. ఒక్కటి గమనించండి. అన్నీ రాశాడు. విహారం గురించి రాశాడు, స్తూపం గురించి రాశాడు. రాజభవనం గురించి చెప్పుకోదగ్గంత ఏమీ రాయలేదు.

మరి చాళుక్య రాజులు ఏం మిగిల్చారు? రాగిరేకులు మిగిల్చారు. మ్యూజియంలో ఎప్పుడైనా కనబడితే దాటిపోకండి, ఆగి చూడండి. పొడవాటి రేకులు, సాధారణంగా మూడో అయిదో ఉంటాయి. ఒక్కో రేకుకు అంచులు కాస్త పైకి లేపి ఉంటాయి. ఎందుకంటే ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు అక్షరాలు రాసుకుపోకూడదు. ఒక పక్కన చిల్లు. ఆ చిల్లులోంచి రాగికడియం. తాళంచెవుల గుత్తి ఎలా ఉంటుందో అలా అన్నిటినీ కలిపి పట్టుకుని ఉంటుంది. కడియం కలిసే చోట ముద్ర. ముద్ర మీద వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, అడుగున తామరపువ్వు. నడుమ శ్రీ త్రిభువనాంకుశ అని అక్షరాలు. అది రాజుగారి సంతకం అనుకోండి. కడియం తెంపితే తప్ప రేకు మార్చడానికి లేదు. దొంగపత్రం పుట్టించడం అంత తేలిక కాదు.

లోపల ఏముంటుంది? మొదట వంశం పొగడ్త. ఫలానా రాజు ఇన్నేళ్ళు ఏలాడు, ఆయన కొడుకు ఇన్నేళ్ళు, ఆయన తమ్ముడు ఇన్నేళ్ళు. ఇలా ఏలిన ఏళ్ళతో సహా వరసగా చెప్పే అలవాటు వీళ్ళకుంది. ఆ అలవాటే లేకపోతే మన చరిత్రకారులు చాలా తిప్పలు పడేవాళ్ళు. రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్ళపాటు 108 యుద్ధాలు చేసి, అన్ని శివాలయాలు కట్టించాడని ఆ రేకులే చెబుతాయి. తరవాత ఊరి కుటుంబులను పిలిచి దానం సంగతి. చివర్న పొలానికి హద్దులు.

ఈ హద్దుల దగ్గరికి వచ్చేసరికి నాకు ప్రాణం లేచి వస్తుంది. అప్పటిదాకా గంభీరమైన సంస్కృతం. హద్దులు రాగానే పండితుడు తెలుగులోకి దిగిపోతాడు. తూర్పున చెరువు, దక్షిణాన పుట్ట, పడమట చింతచెట్టు, ఇలా. ఎందుకంటే ఊళ్ళోవాళ్ళు రేపు గట్టు దగ్గర తగువు పడితే సంస్కృతంలో పడరు గదా.

రాజుల సంగతి అలా ఉంచి, భవనం ఏమైందన్నది చూద్దాం.

మొదటిది, వాడిన సరుకు. కాసెర్తా మేడకు రాయి విరివిగా వాడారు. మన కోస్తాలో ఆ కాలపు కట్టడాలు ఎక్కువగా ఇటుకా కర్రా. కర్రను చెద తింటుంది, నిప్పు తింటుంది. ఇటుకను ఊరు తింటుంది. పాడుబడ్డ గోడలోంచి నాలుగు ఇటుకలు తెచ్చుకుని గోడ కట్టుకోనివాడు ఏ ఊళ్ళో ఉంటాడు చెప్పండి? మంచి చెక్కుడురాళ్ళైతే బళ్ళ మీద ఎక్కి ఏలూరు దాకా వెళ్ళాయని పెద్దలు చెప్పుకునేవాళ్ళు.

రెండోది, యుద్ధాలు. పడమటి నుంచి రాష్ట్రకూటులు వచ్చేవాళ్ళు. దక్షిణం నుంచి చోళులు వచ్చారు. అన్నదమ్ముల తగాదాలు సరేసరి.

మూడోది, అసలైనది. రాజధాని లేచి వెళ్ళిపోయింది. గోదావరి ఒడ్డుకు, రాజమహేంద్రవరానికి. పదో శతాబ్దంలో అమ్మరాజు కాలంలోనే వెళ్ళిందంటారు కొందరు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రిలో ఉన్నాడన్నది మాత్రం ఖాయం. నన్నయ భారతం మొదలైంది అక్కడే కదా. అయినా ఆ భారతంలో దేశం పేరు వేంగీదేశమే. ఊరు వదిలేశారు, పేరు వదల్లేదు. రాజరాజు కొడుకు 1070లో ఏకంగా చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. ఇక పెదవేగి వైపు తిరిగి చూసేవాడెవడు?

అలా పడుకున్న ఊరు 1980లలో పురావస్తు శాఖవాళ్ళు వచ్చి దిబ్బలు తవ్వేదాకా కదల్లేదు. తవ్వితే ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. సింహాసనం ఏమీ దొరకలేదు. ఆ కాలపు ఇటుక చూస్తే మీకే తెలుస్తుంది, ఇప్పటి ఇటుకకంటే బాగా పెద్దది, పలకలా ఉంటుంది. చూడండి, కావలిస్తే ఫోటో తీసుకోండి. చేతిసంచిలో మాత్రం వేసుకోకండి. ఇప్పటికే చాలామంది వేసుకున్నారు!

ఇప్పుడు పెదవేగి దేనికి ప్రసిద్ధి? పామాయిల్‌కి. 1995 నుంచి అక్కడ ఆయిల్‌పామ్ మీద కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. గెలలు ఆడించే ఫ్యాక్టరీ ఉంది. గెలల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. దేశం నలుమూలల నుంచి రైతులూ శాస్త్రవేత్తలూ వస్తారు. హుయాన్‌త్సాంగ్ వచ్చిన ఊరికి మళ్ళీ బయటివాళ్ళు రావడం మొదలైంది, పని వేరు. ఇది చూసి బాధపడేవాళ్ళున్నారు. నాకైతే బాధ లేదు. రాజులు ఆ అంచు మీద ఎందుకు కూర్చున్నారో, ఆ తోటలూ అందుకే అక్కడ ఉన్నాయి. నీరు నిలవని ఎర్రనేల, కింద బావినీరు.

నా ఫిర్యాదు ఒక్కటే. బస్సు దిగిన మనిషికి, ఇదిగో ఇది వేంగీపురం, ఇక్కడ నిలబడి ఇటు చూడు, అని నాలుగు ముక్కల్లో చెప్పే ఏర్పాటు ఇంకా బాగుండాలి. కాసెర్తాలో ఏ గది ఎవరిదో గోడలే చెబుతాయి. మన దగ్గర గోడలు లేవు గనక మనుషులే చెప్పాలి. పెదవేగి, దెందులూరు, చినవేగి బడుల్లో పంతుళ్ళు పిల్లలను ఒక పూట దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళి హద్దుల కథ చెబితే చాలు.

వెళ్ళదలిస్తే శీతాకాలంలో వెళ్ళండి. పొద్దున్నే ఏలూరులో బయల్దేరితే పెదవేగి చూసి, అలా మెట్ట మీద కామవరపుకోట దాటి గుంటుపల్లి వెళ్ళవచ్చు. రాతిలో తొలిచిన బౌద్ధగుహలు అక్కడున్నాయి. క్రీస్తుకు ముందువి. గుండ్రటి చైత్యం ఒకటుంది. లోపలికి వెళ్ళి తల ఎత్తి చూడండి. రాతిలోనే దూలాలూ వాసాలూ చెక్కారు, పైకప్పు కర్రతో వేసినట్టు. ఆ రోజుల్లో కర్రతో ఇల్లు ఎలా కట్టేవాళ్ళో చూపించే నమూనా అది. వేంగి రాజుగారి మేడ పైకప్పు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే నాకు తెలిసి ఆ గుహకన్నా మంచి చోటు లేదు.

మర్నాడు కొల్లేరు వైపు వెళ్ళండి. కైకలూరు మీదుగా కొల్లేటికోట. పెద్దింట్లమ్మ తల్లి గుడి. ఫాల్గుణంలో జాతర. అక్కడా ఒక కోట కథ ఉంది. ఒరిస్సా గజపతుల సేనాపతి సరస్సు నడుమ కోటలో ఉన్నాడట. చిగురుకోట దగ్గర దిగిన శత్రువులు సరస్సు నీళ్ళు సముద్రంలోకి తోడేయడానికి కాలువ తవ్వారట. ఆ గొడవలో సేనాపతి సొంత కూతుర్నే బలి ఇచ్చాడని, ఆ పిల్ల పేరు మీదే ఆ కాలువకు పేరంటాలకనుమ అన్న పేరు నిలిచిందని చెబుతారు. కథ కథే. కానీ ఐహోళె శాసనం చెప్పిన యుద్ధమూ, ఈ కథలోని యుద్ధమూ ఒకే మాట చెబుతున్నాయి. కొల్లేటిలో నీరున్నంతసేపే ఇక్కడి రాజుకు ధైర్యం.

వెనక్కి వచ్చేటప్పుడు ఆటపాక దగ్గర ఆగండి. గూడబాతులు ఉంటాయి. దూరం నుంచి వచ్చే పక్షులు, గూళ్ళ కోసం చెరువులో ఇనప మంచెలు కూడా వేసి పెట్టారు. పిల్లలు వెంట ఉంటే వాళ్ళకు అన్నిటికంటే అదే నచ్చుతుంది. ఏలూరులో రాత్రి బండి ఉంది, తాడేపల్లిగూడెం వాళ్ళు తొందరపడనక్కర్లేదు.